మంగళవారం నొప్పి: కొత్తగా నడక మొదలుపెట్టిన 54 ఏళ్ళ మహిళ కేసు

ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. ఊరు, ఉద్యోగం, ఇంట్లోవాళ్ళ వివరాలు తీసేశాను, ఒకటి రెండు చోట్ల మార్చాను. నేను ఫిజియోథెరపిస్టుని. కొత్తగా నడకో, జిమ్మో మొదలుపెట్టి ఒళ్ళు నొప్పులతో వచ్చేవాళ్ళని వారానికి కనీసం ఇద్దరిని చూస్తాను. కాబట్టి ఇది నాకు తేలిగ్గా తేలిపోవాల్సిన కేసే. అయినా మొదటి రెండు వారాలు తప్పు దారిలో వెళ్ళాను. రాయాలనిపించింది అందుకే.

నేపథ్యం

ఆమెది రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. ఆరేళ్ళుగా బీపీ బిళ్ళ వేసుకుంటున్నారు, టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసినది. ఏటా చేయించుకునే పరీక్షల్లో ఈసారి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.2 వచ్చింది, కొలెస్ట్రాల్ కూడా ఎక్కువుంది. "షుగర్ బార్డర్‌లో ఉందమ్మా, నడవండి" అని చెప్పి ఫిజీషియన్ అటోర్వాస్టాటిన్ 10 ఎంజీ మొదలుపెట్టారు.

అదే నెలలో ఆమె కూతురికి పురుడు. కాస్త కష్టమైన కాన్పు. తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికొస్తే కాలినడకన తిరుమల కొండెక్కుతానని మొక్కుకున్నారు. అంతా బాగా జరిగింది. ఇక నడవడానికి రెండు కారణాలు దొరికాయి, డాక్టరు చెప్పినది ఒకటి, దేవుడికి చెప్పినది ఒకటి. రెండో దానికున్న బలం మొదటిదానికి ఎప్పుడూ ఉండదని నా అనుభవం.

మొదటి రోజే పదివేల అడుగులు నడిచారు. ఫోన్లో ఆ అంకె కనబడే దాకా ఇంటికి రాలేదు.

ఆ పదివేల లెక్క వైద్యం నుంచి వచ్చింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక పెడోమీటర్ పేరు మాన్పో-కేయ్, అంటే పదివేల అడుగుల మీటరు. చెప్పుకోవడానికి, గుర్తుపెట్టుకోవడానికి బాగుందని అంకె నిలిచిపోయింది. అన్ని అడుగులు నడవడం చెడ్డదని నేననను. కానీ ఎక్కడి నుంచి మొదలుపెట్టాం అనేది ఆ అంకెలో ఉండదు. ఆమె ఫోన్లో వెనక్కి వెళ్ళి అంతకు ముందు మూడు నెలల లెక్క చూశాను. రోజుకు సగటున 2,600. అంటే ఒక్క రాత్రిలో కాళ్ళ పనిని దాదాపు నాలుగు రెట్లు చేశారు.

ఏ ఇబ్బందితో వచ్చారు

మూడో రోజుకి తొడలు, పిక్కలు పట్టేశాయి. బాత్రూంలో కమోడ్ మీద కూర్చోవాలంటే పక్కనున్న కుళాయి పట్టుకోవాల్సి వచ్చేదట. మెడికల్ షాపులో అడిగితే ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన బిళ్ళ, దానికి తోడు గ్యాస్ బిళ్ళ ఇచ్చారు. తగ్గింది. వారం రోజులు పూర్తిగా నడక మానేశారు. నొప్పి పోయింది కదా అని మళ్ళీ పదివేలు. మళ్ళీ పట్టేసింది. ఐదు వారాల్లో ఇలా మూడుసార్లు జరిగింది. మూడోసారికి కుడి మోకాలు కూడా తోడైంది.

చుట్టూ ఉన్నవాళ్ళు తలో మాటా చెప్పారు. "నొప్పి మీదే నడవాలి, నడిస్తేనే పోతుంది" అని ఒకరు. "ఈ వయసులో మోకాళ్ళతో ఆటలొద్దు" అని ఇంకొకరు. ఆఫీసులో ఒకావిడ మాత్రం, కొలెస్ట్రాల్ బిళ్ళ వల్ల కండరాలు నొప్పులొస్తాయని ఎక్కడో విన్నానని చెప్పింది. ఆ మాటతో ఈమె ఎవరికీ చెప్పకుండా ఆ బిళ్ళ ఆపేశారు. ఈలోగా ఎక్కడో మోకాలి ఎక్స్‌రే తీయించుకుంటే "గుజ్జు అరగడం మొదలైంది" అన్నారట. నా దగ్గరికి వచ్చేసరికి ఆమెకి నొప్పి కంటే ఆ మాట వల్లే ఎక్కువ భయం ఉంది.

పరీక్షలో రెండు రకాల నొప్పి కనబడింది. వీటిని విడదీయకుండా వైద్యం చేస్తే ఒకటి తగ్గి ఒకటి మిగులుతుంది.

మొదటిది కండరాలది. రెండు కాళ్ళకీ సమానంగా ఉంది. తొడ ముందు భాగంలో, పిక్కలో కండ మధ్యలో నొక్కితే నొప్పి. లేచిన వెంటనే బిగుసుకుపోయినట్టుండి, పది అడుగులు వేస్తే కాస్త వదులవుతుంది. అలవాటు లేని పని చేసిన 12 నుంచి 24 గంటల తర్వాత మొదలై, రెండు మూడు రోజులకి బాగా ఎక్కువై, వారంలోపు దానంతటదే పోయే నొప్పి ఇది. దీనికి లాక్టిక్ ఆసిడ్ కారణమని ఇప్పటికీ చాలామంది చెబుతుంటారు. ఆ ఆసిడ్ వ్యాయామం ఆపిన గంట రెండు గంటల్లోనే రక్తంలోంచి సర్దుకుంటుంది, ఎల్లుండి నొప్పికి దానితో సంబంధం లేదు. అలవాటు లేని కండరంలో సన్నటి నారలు దెబ్బతిని, అవి బాగయ్యే క్రమంలో వచ్చే నొప్పి ఇది.

రెండోది కీలుది. కుడి మోకాలి చిప్ప చుట్టూ, వేలుపెట్టి చూపించగలిగే చోట. చాలాసేపు కూర్చుని లేస్తే, మెట్లు దిగితే వస్తుంది. వాపు లేదు, వేడి లేదు, కీలు పట్టేయడం లేదు. పొద్దున బిగుతు ఐదు పది నిమిషాలే. క్లినిక్ మెట్ల మీద చూస్తే ఎక్కేటప్పుడు నొప్పి పదికి 2, దిగేటప్పుడు 6. ఈ రెండంకెలూ మొదటి రోజు నా నోట్స్‌లోనే ఉన్నాయి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో చూస్తే 9 సార్లు. 60 నుంచి 64 ఏళ్ళ ఆడవాళ్ళకే 12 కంటే తక్కువ వస్తే సగటు కంటే కింద అని లెక్క. ఈమెకి 54. తొడల్లో బలం లేదన్నమాట.

ఎక్స్‌రే చూశాను. లోపలి వైపు సందు కాస్త తగ్గింది. ఈ వయసులో ఏ నొప్పీ లేనివాళ్ళకి తీసినా ఇలాంటి ఫిల్ములు చాలా వస్తాయి. "ఈ అరుగుదల ఐదు వారాల కింద పుట్టింది కాదమ్మా. అప్పుడూ ఉండే ఉంటుంది, అప్పుడు నొప్పి లేదు కదా" అన్నాను. ఆ రోజు నేను చేసిన పనుల్లో పనికొచ్చింది బహుశా ఆ మాటొక్కటే.

మొదట చేసినది

ముందు ఆమెని తిరిగి ఫిజీషియన్ దగ్గరికి పంపాను. మూడు కారణాలు. ఒకటి, నొప్పి బిళ్ళ. ఆమె వేసుకునే బీపీ మందు రకానికి ఎసిక్లోఫెనాక్ లాంటివి రోజుల తరబడి తోడైతే కిడ్నీల మీద ఒత్తిడి పడుతుంది, ఎండల్లో నడిచి నీళ్ళు తక్కువ తాగేవాళ్ళకి ఇంకా ఎక్కువ. రెండు, చెప్పకుండా ఆపేసిన కొలెస్ట్రాల్ బిళ్ళ. మూడు, గుండె. బీపీ, బార్డర్ షుగర్, కొలెస్ట్రాల్ ఉన్న మనిషి వేల మెట్లెక్కుతానంటే మోకాలి కంటే ముందు చూడాల్సింది అదే. ఈసీజీ, టీఎంటీ (నడిపించి గుండెని చూసే పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) అన్నీ బాగానే వచ్చాయి. నొప్పి బిళ్ళలు ఆపించారు.

నా వైపు నుంచి నడక రోజుకు 4,000 అడుగులకి తగ్గించాను. పిక్కలకి, తొడలకి సాగదీసే వ్యాయామాలు, గోడకి ఆనుకుని కూర్చునే వ్యాయామం ఇచ్చాను. ఇంకో పని కూడా చేశాను, ఒప్పుకోవాలి. "కరెంటు పెట్టరా మేడం?" అని అడిగారు, అంటే నొప్పి ఉన్నచోట మిషన్‌తో సన్నటి కరెంటు పెట్టడం. మా దగ్గరికి వచ్చే పేషెంట్లలో సగం మందికి మిషన్ పెడితేనే వైద్యం, మాటలు చెబితే డబ్బులు వేస్ట్. ఈ కేసులో దాని అవసరం పెద్దగా లేదని తెలిసీ ఐదు సిట్టింగులు పెట్టాను. రోజూ ఉదయం ఎంత నొప్పి ఉందో పదికి ఒక అంకె వేసి, వంటింటి గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీ గడిలోనే రాయమన్నాను.

ఎందుకు పనిచేయలేదు

రెండు వారాల తర్వాత వచ్చారు. మామూలు రోజుల్లో కండరాల నొప్పి తగ్గింది. మోకాలు మాత్రం అలాగే ఉంది. తొడల్లో ఒక్కోసారి నొప్పి పూర్తిగా తిరగబెడుతోంది కూడా. నా మొదటి ఆలోచన, 4,000 కూడా ఎక్కువైందేమో, 3,000 చేద్దాం అని. నొప్పి తగ్గకపోతే డోసు తగ్గించడం మాకు అలవాటు. అదృష్టం కొద్దీ ఆమె క్యాలెండర్ కాగితం చింపి తెచ్చారు.

మొదటి వారం: సోమవారం 4, మంగళవారం 6, బుధవారం 5, తర్వాత 3, 2, 2, ఆదివారం 2. రెండో వారం: సోమవారం 5, మంగళవారం 7, బుధవారం 5, మళ్ళీ కిందికి. నడక మాత్రం ఏడు రోజులూ అంతే, 4,000. ఈ నొప్పి పని చేసిన రెండో రోజుకి శిఖరానికి చేరుతుందని పైన రాశాను. మంగళవారం శిఖరమైతే అసలు పని ఆదివారం జరుగుతోంది.

"ఆదివారం ఏం చేస్తున్నారమ్మా?"

"మెట్ల ప్రాక్టీసు మేడం. కొండెక్కాలి కదా. మీరు నడక గురించే అడిగారు, మెట్ల గురించి అడగలేదు."

నిజమే. అడగలేదు. ఆమె ఉండేది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. అంతస్తుకి 20 మెట్లు. ఆదివారం పొద్దున్నే కింది నుంచి పైదాకా, పై నుంచి కిందిదాకా ఎనిమిదిసార్లు. 800 మెట్లు ఎక్కడం, 800 దిగడం. కరెంటు పెట్టినందువల్ల నొప్పి తేలికైందని రెండో ఆదివారం పది రౌండ్లు చేశారట. నా మిషన్ ఆమెకి చేసిన ఉపకారం అదీ.

ఇక్కడే దిగడం గురించి కొంచెం చెప్పాలి. మెట్టెక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ ఒంటిని పైకి లాగుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ బ్రేకు వేస్తుంది. నిండు బిందెని నెత్తి మీంచి చప్పుడు కాకుండా నేల మీదికి దించేటప్పుడు చేతులు చేసే పని అది. అలవాటు లేని కండరం ఎక్కువగా దెబ్బతినేది ఇలా సాగుతూ బరువు ఆపేటప్పుడే. మోకాలి చిప్ప మీద కూడా మెట్ల దగ్గర ఒంటి బరువుకి మూడు రెట్లకు పైగా ఒత్తిడి పడుతుంది. తొడ బలహీనంగా ఉంటే దిగేటప్పుడు ఆ బరువు నెమ్మదిగా దిగదు, పడుతుంది. కానీ దిగేటప్పుడు ఆయాసం రాదు. కాబట్టి ఎవరికీ అది పనిలా అనిపించదు. ఎక్కడం వ్యాయామం, దిగడం విశ్రాంతి అనుకుంటారు. ఆమె కూడా అలాగే అనుకున్నారు. ఎక్కడానికి 2, దిగడానికి 6 అని నా చేత్తో రాసుకుని కూడా నేను అడుగుల సంఖ్యే చూశాను. ఏ రకం అడుగులు అని చూడలేదు.

కొలెస్ట్రాల్ బిళ్ళ సంగతికి కూడా ఆ కాగితమే జవాబు చెప్పింది. బిళ్ళకి ఆదివారం తెలియదు. బిళ్ళ వల్ల వచ్చే నొప్పి అయితే వారమంతా ఒకేలా ఉండాలి, ఆపేస్తే నెమ్మదిగా తగ్గాలి. ఆమె బిళ్ళ మానేసిన రోజుల్లోనూ నొప్పి తగ్గలేదు. అయినా అనుమానం ఉంచుకోకుండా సీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది) పరీక్ష చేయిద్దామని ఫిజీషియన్‌తో మాట్లాడాను. గట్టి వ్యాయామం చేస్తే ఆ అంకె మామూలుగానే పెరుగుతుంది కాబట్టి, వారం రోజులు మెట్లు ఆపించాకే రక్తం ఇప్పించాం. నార్మల్. బిళ్ళ మళ్ళీ మొదలైంది. స్టాటిన్ (ఈ కొలెస్ట్రాల్ బిళ్ళ రకం) వేసుకునేవాళ్ళు చెప్పే కండరాల నొప్పుల్లో పదింట తొమ్మిదికి పైగా ఆ మందు వల్ల కాదని 2022లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన పెద్ద విశ్లేషణ తేల్చింది. మిగిలిన ఆ ఒక్కరు మన ముందున్నవారే కావచ్చు కనుక పరీక్ష మానకూడదు, కానీ విన్న మాటకి బిళ్ళ ఆపేయనూ కూడదు.

దారి మార్చాక

అప్పుడు మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అడిగాను. "మొక్కు తీరడానికి మీరు దిగాలా?"

ఆమె నవ్వారు. కొండెక్కడమే మొక్కు. దిగేది బస్సులో. ఎక్కడానికి అలిపిరి దారి అనుకున్నారు, సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారి 2.1 కిలోమీటర్లే, 2,388 మెట్లే కాబట్టి అది తేలిక కదా అని అడిగారు. అది పొట్టిదే కానీ మెట్లన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చేస్తాయి. అలిపిరి దారి పొడుగైనా మధ్యలో చదునుగా నడిచే చోట్లున్నాయి, కూర్చోవడానికి నీడ ఉంది. ఇలాంటి మోకాలికి దూరం కంటే తెరిపి లేని వాలు కష్టం. అలిపిరే ఖాయం చేశాం. అందులోనూ చివర్లో మోకాళ్ళ పర్వతం ఉంది. ఆ పేరు చెప్పి ఆవిడే నన్ను ఆటపట్టించారు.

అంటే ఆమె వారం వారం మోకాలు నొప్పించుకుంటూ సాధన చేస్తున్నది కొండ మీద అవసరం లేని పని. మెట్లెక్కండి, లిఫ్టులో దిగండి అన్నాను. లిఫ్టులో దిగి మళ్ళీ మెట్లెక్కే మనిషిని చూసి వాచ్‌మన్ ఏమనుకున్నాడో కానీ, మొదటి రెండు వారాల్లోనే మంగళవారం అంకె 7 నుంచి 3కి వచ్చింది. ఆదివారం ఒక్కరోజే ఎనిమిది రౌండ్లు కాకుండా వారానికి రెండు రోజులు, రెండేసి రౌండ్లతో మొదలు. మర్నాడు ఉదయం, ఆ మర్నాడు ఉదయం అంకె 3 దాటకపోతే వచ్చే వారం ఒక రౌండు పెంచడం. దాటితే పెంచకపోవడం. చదును నడక 4,000 నుంచి వారానికి 500 చొప్పున.

దిగడం పూర్తిగా మాన్పించలేదు. కరెంటు పోతే లిఫ్టు ఉండదు, రేపు బస్సు మెట్లు దిగాలి, బ్యాంకు మెట్లు దిగాలి. పైగా ఈ రకం నొప్పికి మందు ఆ పనే, కాకపోతే చిటికెడు డోసులో. కొద్దిగా దిగే పని చేసి కోలుకున్న కండరం, వారాల తర్వాత కూడా అదే పనికి మునుపటంత నొచ్చదు. ఇంట్లో పీట ఉందా అని అడిగాను. నాలుగంగుళాల ఎత్తున్న చెక్కపీట, గోడ పక్కన, జారకుండా. దాని మీద నిలబడి ఒక కాలు నెమ్మదిగా, మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు నేలకి దించడం. మొదట కాలికి ఎనిమిదిసార్లు, రోజు విడిచి రోజు. దానితోపాటు కుర్చీలోంచి లేవడం, మడమలెత్తడం. గోడకి ఆనుకునేది అలాగే ఉంచాను. సాగదీసేవి తీసేశాను. వ్యాయామం ముందో వెనకో సాగదీస్తే ఈ నొప్పి చెప్పుకోదగ్గంత తగ్గదు, ఆమెకున్న పావుగంటని బలానికి వాడుకోవడం మేలు.

నూనె మర్దనా, వేడినీళ్ళ కాపడం గురించి అడిగారు. చేసుకోమన్నాను. సుఖంగా ఉంటుంది, ఒకటి రెండు రోజులు తేలిగ్గా గడుస్తాయి. పట్టేసిన కండని గట్టిగా పిసకొద్దని, నొప్పి తేలికైందని రౌండ్లు పెంచొద్దని మాత్రం చెప్పాను. మొదటిసారి నా మిషన్‌తో జరిగింది మళ్ళీ జరగకూడదు.

చెప్పుల్లేకుండా ఎక్కుతానన్నారు. వద్దని వాదించలేదు. పార్కులో పది నిమిషాలు ఉత్తకాళ్ళతో మొదలుపెట్టి నలభై దాకా తీసుకెళ్ళాం. పాదాలకి కూడా అలవాటు కావాలి.

ఆరో వారంలో దెబ్బ తగిలింది. బంధువుల పెళ్ళి. రెండు రోజులు నిలబడటం, కింద కూర్చోవడం, లేవడం. మోకాలు 6. ఫోన్ చేసి "మొత్తం మానేయనా మేడం?" అన్నారు. మానేసి మళ్ళీ పూర్తిగా మొదలుపెట్టడమే మొదటి ఐదు వారాలు ఆమెని తిప్పింది. సగం చేయమన్నాను, నాలుగు రోజులు. సగం నడక, సగం రౌండ్లు, పీట వ్యాయామం మాత్రం పక్కన పెట్టమన్నాను. ఐదో రోజు అంకె 3. ఆమెకి ధైర్యం వచ్చింది ఆ వారంలోనే అనుకుంటాను. నొప్పి పెరగడం అంటే అంతా పోయినట్టు కాదని అప్పుడే నమ్మారు.

ముందు అనుకున్న తేదీ ఎనిమిదో వారంలో ఉంది. అప్పటికి ఏడు వందల మెట్ల దగ్గరున్నారు. ఇంకో ఆరు వారాలు ఆగమన్నాను. మొక్కుకి గడువు పెట్టుకున్నారా అంటే, లేదు, టికెట్లకి పెట్టుకున్నాం అన్నారు. మార్చుకున్నారు.

పధ్నాలుగో వారానికి 30 సెకన్లలో కుర్చీలోంచి 14 సార్లు లేస్తున్నారు. ఒక విడతలో 1,200 మెట్లెక్కుతున్నారు. మొత్తం 3,550 ఇంటి దగ్గరే చేయించలేదు, అక్కర్లేదు. కొండ మీద మధ్య మధ్య ఆగొచ్చు, ఎవరూ తరమరు. మూడు వందల మెట్లకోసారి పది నిమిషాలు కూర్చోవడం అని లెక్క పెట్టుకుని, తెల్లవారుజామున మొదలుపెట్టి, ఐదు గంటల నలభై నిమిషాల్లో ఎక్కారు. మోకాలు 3 దాటలేదట. రెండో రోజు పిక్కలు 4, నాలుగో రోజుకి 1. బిళ్ళ వేసుకోలేదు. ఎడమ మడమ కింద ఒక బొబ్బ వచ్చింది, అది నా లెక్కలో లేదు.

మోకాలు పూర్తిగా నిమ్మళించిందని రాయలేను. చాలాసేపు కింద కూర్చుంటే ఇప్పటికీ 2, 3 ఉంటుంది. వారంలో ఐదు రోజులు ఏడు వేల దాకా నడుస్తున్నారు, పీట వ్యాయామం రెండు రోజులు.

నేను మార్చుకున్నవి

కొత్తగా వ్యాయామం మొదలుపెట్టి నొప్పులతో వచ్చిన ప్రతివారినీ ఇప్పుడు ముందు ఫోన్ తీయమంటాను. నెల కిందటి అడుగుల లెక్కే వాళ్ళ అసలు మొదలు. పెంచేది అక్కడి నుంచే.

అంకెలు వారం రోజులు రాయించకుండా డోసు మార్చను. వారంలో ఏ రోజు నొప్పి ఎక్కువో తెలిస్తే, దానికి రెండు రోజులు వెనక్కి వెళ్ళి వెతుకుతాను. మెట్లు, బండకేసి బట్టలుతకడం, కూర్చుని ఇల్లు తుడవడం, ఇవేవీ జనం వ్యాయామం ఖాతాలో వేసుకోరు. విడిగా అడగాలి.

మామూలు నొప్పేలే అని ఊరుకోకూడనివి కొన్నున్నాయి. ఒక్క పిక్కే వాచి నొప్పి పెట్టడం, కీలు ఎర్రబడి వేడెక్కడం, జ్వరం, పొద్దున బిగుతు గంట దాటడం, వ్యాయామం తర్వాత మూత్రం డికాషన్ రంగులో రావడం, మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేయడం. వీటిలో ఏది ఉన్నా నా దగ్గరికి కాదు, నేరుగా డాక్టరు దగ్గరికి.

కరెంటు ఇప్పటికీ అడుగుతారు. అవసరం లేనివాళ్ళకి పెట్టడం మానేశాను. ఇద్దరు ముగ్గురు వేరే చోటికి వెళ్ళిపోయారు కూడా.

మొదటి రోజు నింపే ఫారంలో ఒక వరస చేర్చాను: వారంలో ఎన్ని మెట్లు దిగుతారు? దాని కింద ఇంకొకటి: లిఫ్టు ఉందా?